సెల్లా కింది మనిషి

మా ముత్తాత తండ్రి పాన్‌గల్ కోట కింది ఊళ్లకు శిస్తు వసూలు చూసే నాడగౌడ. ముత్తాత గద్వాల సంస్థానంలో గుర్రపు దళానికి జమేదారు. దసరా ఊరేగింపులో సంస్థానం జెండా వెనుక నడిచే రెండో గుర్రం ఆయనదే. తాత వనపర్తి సంస్థానంలో అమీనుగా పనిచేసి, చివరి రోజుల్లో సొంత ఊరికి వచ్చి పోలీసు పటేలుగా ఉన్నాడు. వీళ్ల ఎదుట ఊరివాళ్లెవరూ చెప్పులు వేసుకుని నడిచేవారు కాదు. అది న్యాయమని నేననను. ఉన్నమాట రాస్తున్నాను. మా నాన్న నాటికి ఏ హోదా మిగల్లేదు. సీలింగు చట్టం కొంత భూమిని, దాయాదులతో నడిపిన దావాలు మరికొంత భూమిని తీసుకుపోయాయి. అయినా ఆయన ఇస్త్రీ ధోవతి కట్టుకుని అరుగు మీద నిటారుగా కూర్చుని పేపరు చదివేవాడు. గోడకు ఆనుకుని కూర్చోవడం ఆయన దృష్టిలో ఓడిపోయినవాడి లక్షణం. ఆ కూర్చునే పద్ధతి నాకూ వచ్చింది. ఆయన దగ్గర నుంచి నాకు పూర్తిగా సంక్రమించిన ఆస్తి అదొక్కటే.

మా ఇంటికి ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటి పెద్ద దగ్గర ఎప్పుడూ ఒక సెల్లా ఉండేది. సెల్లా అంటే భుజాన వేసుకునే పెద్ద బట్ట. గద్వాల మగ్గాల మీద పసుపుపచ్చ నూలుతో నేయించి, ఎర్రపట్టు కోటకొమ్మ అంచు కలిపించేవారు. ఆ అంచులో కొమ్మల మధ్య చిన్న గుర్రపు నాడా గుర్తు ఉండేది. మరో ఇంటికి ఆ గుర్తు నేసేవారు కాదు. ప్రాణభయంతో ఎవరైనా వచ్చి గడప ముందు నిలబడితే ఇంటి పెద్ద ఆ సెల్లా తీసి వాళ్ల భుజాన కప్పేవాడు. కప్పుకున్న మనిషిని పాన్‌గల్ నుంచి నల్లమల అంచు దాకా దారి కొట్టేవాడు గానీ, పగవాడు గానీ, సర్కారు జవాను గానీ ముట్టేవారు కాదు. ముట్టినవాడు మా ఇంటితో తగాదా పెట్టుకున్నట్టే లెక్క. హత్యానేరం మోపబడ్డ ఒక గొల్ల యువకుడిని మా తాత సెల్లా కప్పి ఒంటరిగా నాగర్‌కర్నూల్ కచేరీకి పంపాడనీ, దారిలో ఎదురైన పగవాళ్లు పక్కకు తప్పుకున్నారనీ మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. అలాంటివాళ్లను మా వైపు సెల్లా కింది మనిషి అనేవారు.

నేను సైన్యంలో చేరాను. భూమితో పాటు పోయిన మర్యాద యూనిఫారంలో దొరుకుతుందనుకున్నాను, కొంత దొరికింది కూడా. ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కశ్మీరులోనూ నా ఉద్యోగమంతా తుపాకీ పట్టిన యువకుల వెంట తిరగడంతోనే గడిచింది. మేజరుగా ఉండగా మోకాలు దెబ్బతిని బయటికి వచ్చేశాను. బయటికి వచ్చాక తోటివాళ్లు కొందరు సెక్యూరిటీ ఏజెన్సీలు పెట్టుకున్నారు, కొందరు పెట్రోలు బంకులు తీసుకున్నారు. బంకు ముందు నిలబడి ఎవరికో పెట్రోలు కొట్టించడం నా వల్ల కాదని తేల్చుకున్నాను. హైదరాబాదులో విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దరఖాస్తు పెట్టాను. ఉగ్రవాద నిరోధం నా విషయం. నాకప్పుడు యాభై దగ్గర పడుతోంది. నా పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నా కూతురు వయసు పిల్లలు. నా గైడ్ నాకంటే చిన్నవాడు.

మొదటి అధ్యాయం రాసి తీసుకెళ్తే ఆయన చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేజర్ సాబ్, ఇది పైవాళ్లకు పంపే రిపోర్టు. శత్రువు ఎక్కడున్నాడు, ఎంత మంది, ఏం ఆయుధాలు, అన్నీ ఉన్నాయి. మనుషులు లేరు."

"మనుషులు ఎక్కడ దొరుకుతారు?"

"మీ ఊరు పాలమూరు జిల్లా కదా. నల్లమల పక్కనే పెట్టుకుని నన్నడుగుతారేమిటి?"

రెండు వేల సంవత్సరం తర్వాతి తొలి ఏళ్లవి. నల్లమలలో దళాలు బలంగా ఉన్న కాలం. మా వైపు జనం వాళ్లను అన్నలు అనేవారు. దళంలో చేరడాన్ని లోపలికి పోవడం అనేవారు. లోపలికి ఎందుకు పోతారో చెప్పే పుస్తకాలు గ్రంథాలయంలో రెండు అలమారాల నిండా ఉన్నాయి. వాళ్లు ఎలా తిరిగి వస్తారో చెప్పేవి పెద్దగా కనబడలేదు. నేను అది పట్టుకున్నాను. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా బస్సుల్లో తిరిగాను. బల్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో, మన్ననూర్‌లో, తిరిగి వచ్చినవాళ్ల ఇళ్లకూ, రానివాళ్ల ఇళ్లకూ వెళ్లాను. కాల్పుల్లో పోయిన ఒక కానిస్టేబుల్ భార్య ఇంటికి కూడా వెళ్లాను. జీపు కొనే స్తోమత లేదు. బస్సులో సీటు దొరక్కపోతే నిలబడే వెళ్లేవాడిని. ఎవరైనా లేచి చోటిస్తే కూర్చునేవాడిని కాదు.

పాన్‌గల్ చౌరస్తాలో టీ హోటలు ముందు ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన ముసలాయన రోజూ కూర్చునేవాడు. నేను బస్సు దిగగానే అందరికీ వినబడేలా మొదలుపెట్టేవాడు.

"చిన్నదొర పట్నంల అన్నల మీద సదువు సదువుతుండంట. ఎన్నో తరగతి దొర?"

"పీహెచ్‌డీ."

"ఎన్నేండ్లు?"

"నాలుగో అయిదో పడతాయి."

"మాకైతే సదువకుండనే పాసైతున్నది. పొద్దుగాల ఆళ్లొచ్చి అన్నం బెట్టుమంటరు. సందేళ పోలీసోళ్లొచ్చి తిని, ఆళ్లకెందుకు బెట్టినవంటరు. గిదే సదువు." పక్కనున్నవాళ్లు నవ్వేవారు. "జర నీ పుస్తకంల రాయి దొర, కూర బాగలేదని ఇద్దరూ అన్లేదని."

నేనది నిజంగానే రాశాను. గైడ్ ఆ వాక్యం కింద గీత గీసి, ఇలాంటివి ఇంకా కావాలన్నాడు.

తిరుగుతూ ఉండగా నాకొక సంగతి స్పష్టపడింది. లొంగిపోతే సర్కారు ఇస్తానన్న డబ్బుకు ఆశపడి వచ్చినవాళ్లు తక్కువ. ఎవరో ఒక మనిషి మాట మీద వచ్చినవాళ్లు ఎక్కువ. మేనమామ, పాత పంతులు, ఊరి సర్పంచి, ఎవరో ఒకరు ముందుకొచ్చి, నేనున్నాను, రా, అన్నాకే వచ్చారు. పూచీ పడే మనిషి దొరకనివాళ్లు లోపలే ఉండిపోయారు. నా సిద్ధాంత గ్రంథానికి ఇదే వెన్నెముక అయింది. మా ఇంటి సెల్లా చేసిన పని కూడా ఇదే కదా అని ఒకరోజు బస్సులో తట్టింది. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. తాతలనాటి గొప్పను చెప్పుకోవడానికి కాకుండా, ఆలోచించడానికి వాడుకోగలిగానన్న సంతోషం అది.

ఆ పరిశోధన ముగింపుకొచ్చే రోజుల్లో ఒకామె మా ఊరి ఇంటికి వచ్చింది. మా పశువుల కొట్టంలో పనిచేసిన మనిషి కూతురు. బల్మూర్ దగ్గర ఒక పల్లెకు కోడలుగా వెళ్లింది. భర్త బొంబాయి వైపు మట్టి పనికి పోయి అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. ఒక్క కూతురు. ఆ పిల్ల లోపలికి పోయి మూడేళ్లవుతోందని నాకు తెలుసు. నా ప్రశ్నలతో ఆ ఇంటికి మాత్రం నేను పోలేదు. మా ఊరి ఆడబిడ్డ ఇంట్లో కూర్చుని ఆమె కడుపుకోత రాసుకోవడం నాకు చేతకాలేదు.

అరుగు కింద నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"చిన్నదొర, పిల్ల వస్తనంటున్నది."

"ఎవరు చెప్పిన్రు?"

"మన్ననూర్ల తేనె దీసేటోళ్లున్నరు, మాకు ఎరుకైనోళ్లు. ఆళ్లతోని చెప్పి పంపింది. చలిజరం ఇడుస్తలేదంట. నడిస్తే ఆయాసమొస్తదంట. అమ్మ, నేనొస్త, ఎవరన్న పెద్దోళ్ల మాట తీసుకో అన్నదంట."

నేను ఆమెకు పద్ధతి చెప్పాను. ఏ అధికారి దగ్గరికి పోవాలో, ఏం రాసివ్వాలో, ప్రభుత్వం ఏమిస్తుందో, నాకు తెలిసినదంతా వరసగా చెప్పాను. ఆమె చివరి దాకా వినింది.

"సర్కారు కాగితం నేనేం జేసుకుంట? అది చదివేటోడు తుపాకి వట్టుకోడు. తుపాకి వట్టుకునేటోడు చదవడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అమ్మ జెప్తుండె. మీ తాత సెల్లా గప్పితే మనిషికి ఈగ గూడ వాలకపోతుండెనంట. అది ఇయ్యి చిన్నదొర. నా బిడ్డకు కప్పుత."

ఆ మాట నన్నడిగి ఎన్నో ఏళ్లయింది. నిజానికి నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. మా నాన్ననూ అడగలేదు. ఆయన ఆ సెల్లాను కర్పూరం వేసి పెట్టెలో దాచుకున్నాడే గాని, కప్పమని అడిగే మనిషి రాకుండానే పోయాడు.

రెండు రోజులాగి రమ్మన్నాను. జిల్లా పోలీసుల్లో పెద్ద అధికారి ఒకాయన నన్నెరిగినవాడే. పోలీసు శిక్షణ కళాశాలలో అప్పుడప్పుడు నేనిచ్చే ఉపన్యాసాలకు వచ్చినవాడు. వెళ్లి విషయం చెప్పాను. పిల్ల పేరు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

"మీరు వెంటబెట్టుకుని తీసుకురండి మేజర్ సాబ్. మా వాళ్లెవరూ ముట్టరు. నా మాట."

"మాట చాలు," అన్నాను.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇంట్లో మీ వాళ్లది అని చూపించడానికి అదొక్కటే మిగిలింది," అంది.

"చూపించడానికి నేసింది కాదది."

సెల్లా మడతల దగ్గర కొద్దిగా పలచబడి ఉంది. అంచు మాత్రం చెక్కు చెదరలేదు. మూడో రోజు పొద్దున ఆమె వచ్చినప్పుడు అరుగు దిగి, తాత ఎలా చేసేవాడని విన్నానో అలాగే, రెండు చేతులతో ఆమె భుజాన కప్పాను. ఆమె నా పాదాలు ముట్టబోతే వద్దన్నాను. మన్ననూర్ సంత రోజున పిల్ల రావాలనీ, అటవీ శాఖ చెక్‌పోస్టు దాటి ఉన్న మలుపు దగ్గర నేనే నిలబడి ఉంటాననీ, నేను కనబడిన తర్వాతే రోడ్డు మీదికి రావాలనీ గట్టిగా చెప్పాను. సరేనంది. సెల్లాను తీసి మడతపెట్టి గోనెసంచీలో జొన్నల కింద దాచుకుని పోయింది.

సంత రోజున మొదటి బస్సుకే మన్ననూర్ చేరాను. ఆమె అప్పటికే వచ్చి ఉంది. ఇద్దరం మలుపు దగ్గర బండరాళ్ల మీద కూర్చున్నాం. ఆమె నాకు కొంచెం దూరంగా, కొంచెం కిందుగా కూర్చుంది. చెక్‌పోస్టు దగ్గరి గార్డు రెండు మూడుసార్లు మా వైపు వచ్చి పోయాడు.

"ఏం సార్, పులిని సూడనీకి వచ్చిన్రా?"

"ఆ."

"మాకే కనవడ్తలేదు సార్ అది. కనవడ్డోళ్లు మళ్ల మాకు కనవడ్తలేరు." తన హాస్యానికి తానే నవ్వుకుని వెళ్లిపోయాడు.

ఆమె మూట విప్పింది. సజ్జరొట్టెలు, పల్లీల పొడి, ఒక డబ్బాలో పప్పు.

"దానికి పప్పంటే పానం. మామిడికాయ దొరకలే, చింతచిగురు ఏసిన." డబ్బా మూత మళ్లీ బిగించింది. "నీకు రొట్టె బెడుత చిన్నదొర. పప్పు మాత్రం బెట్ట, అనుకోకు."

"నాకొద్దులే. పిల్ల వచ్చినంక తింటం."

డబ్బాను ఒళ్లో పెట్టుకుని, రోడ్డు చూస్తూ మళ్లీ ఆమే మాట్లాడింది.

"దానికి పాములంటే మస్తు భయముండె. దొడ్డికి పోవాల్నన్నా నన్ను లేపుతుండె. గంత అడివిల ఎట్లుంటున్నదో. మీ సదువుల గది ఉన్నదా, పాములకు భయపడేటోళ్లు గూడ ఎందుకు పోతరని?"

"లేదు."

"రాయి మరి."

సైన్యంలో కాపలా కాసిన రోజుల్లో గంటలు గడిపే విద్య నేర్చుకున్నాను. ఆ రోజు అది పనికి రాలేదు. రోడ్డు మీద యాత్రికుల బస్సులు శ్రీశైలం వైపు పోతూనే ఉన్నాయి. వెదురు మోపులతో మనుషులు వచ్చారు, పోయారు. అడవిలోంచి వచ్చే ప్రతి ఆడమనిషినీ ఆమె లేచి నిలబడి చూసింది. పిల్ల రాలేదు. సాయంత్రం బస్సు ఎక్కే ముందు పప్పు డబ్బానూ, సెల్లా ఉన్న గోనెసంచీనీ తేనె తీసే కుటుంబం ఇంట్లో ఇచ్చి వచ్చింది. రేపైనా చేరుతుందేమోనంది.

తర్వాతి సంతకూ వెళ్లాం. అప్పుడూ రాలేదు. సెల్లా మాత్రం పిల్లకు ముట్టిందని కబురు వచ్చింది. దళం దూరం పోయిందట, రాగానే వస్తుందట. ఈలోగా నాకు మాటిచ్చిన అధికారికి బదిలీ అయింది. పోయే ముందు ఫోను చేసి, కొత్తాయనకు చెప్పి పోతున్నానన్నాడు. చెప్పే ఉంటాడు. ఆయన మాట తప్పే మనిషని నేననుకోను.

హైదరాబాదులో ఆ నెలలో ఒక సదస్సు. పూచీ గురించి నా పత్రం చదవాలి. ఆ వారం మన్ననూర్‌కు పోలేనని ఆమెకు కబురు పంపాను. పిల్లను పై సంత దాకా ఆగమని చెప్పమన్నాను. సదస్సులో నా పత్రం బాగా సాగింది. సైన్యం నుంచి, పోలీసు నుంచి, పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఒక విశ్రాంత జనరల్ లేచి, ఇన్నేళ్లుగా మేం తుపాకీతో చేయలేని పని ఈయన సామాజిక గౌరవంతో ఎలా అవుతుందో చూపించాడన్నాడు. చప్పట్లు కొట్టారు. మా గైడ్ వెనుక వరసలో కూర్చుని నవ్వుతున్నాడు. భోజనాలప్పుడు సెల్‌ఫోను మోగింది.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక యువ పోలీసు అధికారి. శిక్షణలో నా తరగతిలో ముందు బెంచీలో కూర్చునేవాడు.

"సార్, మీ సాయం కావాలి. మన్ననూర్ రోడ్డు పక్కన ఒక ఆడపిల్ల శవం దొరికింది. దళం మనిషే అనుకుంటున్నాం. ఆమె దగ్గర ఒక వస్తువుంది. అదేమిటో మాకు అర్థం కావడం లేదు. మీరైతే చెప్పగలరు."

ఏ వస్తువని నేనడగలేదు.

మర్నాడు ఆయన ఆఫీసు గదిలో పొడవాటి బల్ల మీద కాగితాలు పరిచి, వాటి మీద ఒక జత రబ్బరు చెప్పులు, జ్వరం మాత్రలు, ఒక దువ్వెన, మూత ఊడిన స్టీలు డబ్బా పెట్టారు. చివర సెల్లా. ఎవరో దాన్ని శ్రద్ధగా విప్పి పరిచారు. పసుపు మీద మరకలు ఎండి నల్లబడ్డాయి.

ఆయన కలంతో అంచు చూపించాడు. "ఇక్కడ చూడండి సార్. కొమ్మల మధ్య గుర్రపు నాడా. ఇదేమన్నా కొత్త దళం గుర్తా? వేరే రాష్ట్రం వాళ్లదా?"

"కాదు."

"మరి?"

"ఇది మా ఇంటిది."

ఆయన కలం ఆగింది. గదిలో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లు నన్ను చూశారు, తర్వాత ఆయనను చూశారు. నేను కుర్చీలో నిటారుగానే ఉన్నాను.

"రాయమంటారా సార్?" అని మెల్లగా అడిగాడు.

"రాయండి. నేను కప్పి పంపింది. ఆమె బయటికి వస్తోంది. మీ పెద్దాయనకు తెలుసు."

"బదిలీ అయి పోయినాయనకా?"

"అవును."

ఆయన రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. వచ్చేటప్పుడు బయటి దాకా వచ్చి, "ఇది లోపలివాళ్ల పనే సార్," అన్నాడు. వారం తిరగకుండా లోపలివాళ్ల పేరుతో ఒక కరపత్రం వచ్చింది. ఇది పోలీసుల పనే అని దాంట్లో ఉంది.

నేను చదివిందీ, చెప్పిందీ అంతా ఇలాంటి లెక్క తేల్చడం గురించే. ఎవరు చేశారు, ఏది ఆధారం, ఏది అబద్ధం. ఎన్నో రాత్రులు కూర్చుని రెండు వైపులా పేర్చి చూశాను. దొర ఇంటి బట్ట కప్పుకుని అడవిలోంచి పోతున్న పిల్లను చూస్తే, దొరలకు అమ్ముడుపోయిందని తీర్పు చెప్పడానికి లోపలివాళ్లకు మరో సాక్ష్యం అక్కరలేదు. ఇటు చూస్తే, సెల్లా అంటే ఏమిటో తెలియని కొత్త పటాలానికి, ఆ రోడ్డు మీద దూరం నుంచి వస్తున్న మనిషి ఒంటి నిండా బట్ట కప్పుకుని ఉంటే, ఆ బట్ట కింద ఏముందోనన్న భయం సహజం. రెండూ నిలబడతాయి. ఒక విద్యార్థి ఇలా రాసి తెస్తే మంచి మార్కులే వేసేవాణ్ని.

శవాన్ని ఊళ్లోకి తీసుకుపోలేదు. బయట చనిపోయినవాళ్లను పొలిమేర దాటించకూడదన్నది ఆ పల్లె కట్టుబాటు. చెలక గట్టున గొయ్యి తీశారు. నేను వెళ్లాను. నాకు కుర్చీ తెచ్చి వేశారు. నేను నిలబడే ఉన్నాను. ఎవరూ నా పక్కకు రాలేదు. మట్టి వేసేటప్పుడు నా వెనుక ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గించాలని కూడా అనుకోలేదు.

"దొర సెల్లా గప్పుకున్నదంట గద."

"అదే పానం దీసింది."

అంతా అయ్యాక తల్లి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నేనే జెప్పిన చిన్నదొర," అంది. "నువ్వొచ్చేదాంక రోడ్డు మీదికి రావొద్దన్నవ్. నాకు యాదికున్నది. మళ్ల నేనే తేనెదీసేటోళ్లతోని చెప్పి పంపిన. సెల్లా ఉన్నదిగ బిడ్డ, దొర రాకున్నా ఏంగాదు, పట్టపగలు రోడ్డెంబడి రా, ఎవ్వడు ముట్టడని. దానికి జరం ఎక్కువైతున్నదంటే ఆగలేకపోయిన. మా అమ్మ గట్లనే జెప్పింది గద, ఈగ గూడ వాలదని."

ఆమే, నేనూ ఒకే కథ వింటూ పెరిగాం. దాన్ని నమ్మడానికి నాకు పుస్తకాలు కావలసి వచ్చాయి. ఆమెకు అవసరం లేకపోయింది.

"ఎవరు జంపిన్రు?" అని అడిగింది.

"తెల్వదమ్మా."

"నువ్వు సదివింది గదే గద."

"గదే. కాని తెల్వదు."

ఆమె నన్ను నిందించలేదు. తల ఊపింది. డాక్టరు ఏమీ చెప్పలేకపోతే దవాఖాన నుంచి వచ్చేవాళ్లు అలా తల ఊపుతారు. కొద్దిసేపటి తర్వాత, సెల్లా ఇప్పించరాదా, బిడ్డ గోరి మీదన్న కప్పుత అంది. అడిగి చూశాను. కేసు నడుస్తోంది, సాక్ష్యం కింద ఉంచాలన్నారు. నాకు తెలిసినంత వరకు అది ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది.

పట్టా వచ్చింది. డాక్టర్ అని నా పేరు ముందు చేరింది. శిక్షణ కళాశాలల్లో నన్ను ఎక్కువగా పిలవడం మొదలుపెట్టారు. పూచీ అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి పంచుకున్నారు. నేను వద్దంటే, ఇది మన దగ్గరి నుంచి వచ్చిన అసలైన ఆలోచన అంటారు. తరగతిలో ఏటా ఎవరో ఒకరు లేచి అడుగుతారు, ఇలా పూచీ మీద వచ్చినవాళ్లలో ఎవరైనా దెబ్బతిన్నారా అని. ఒకరున్నారు అంటాను. ఎవరు చంపారు సార్ అంటారు. తెలియదు అంటాను. చురుకైన పిల్లలు ఆగరు. మీ అంచనా ఏమిటి సార్ అంటారు. అంచనా చెప్పడం నా ఉద్యోగం. ఆ ఒక్క విషయంలో చెప్పను. వాళ్లు అది వృత్తి రహస్యం అనుకుంటారు.

తల్లి పల్లె విడిచి మేస్త్రీ వెంట పూణే వైపు కాలువ పనికి పోయిందని విన్నాను. తేనె తీసేవాళ్లను అడిగితే మళ్లీ కనబడలేదన్నారు. పాన్‌గల్ చౌరస్తాలో ముసలాయన నన్ను చూసి నవ్వడం మానేశాడు. టీ తెప్పించి, ఏం మాట్లాడకుండా పక్కన కూర్చునేవాడు. ఆయన వెక్కిరింపే నయం అనిపించేది.

ఆ తర్వాత ఒకే ఒక్క మనిషి మా ఇంటి ముందు దాకా వచ్చాడు. పక్క ఊరి గొర్రెల కాపరి. తమ్ముడు లోపల ఉన్నాడని నాకు తెలుసు. నేను అరుగు మీద ఉన్నాను. వచ్చి నిలబడ్డాడు. అడుగుతాడని ఎదురుచూశాను. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు, అయినా ఎదురుచూశాను.

"జర నీళ్లియ్యుండ్రి దొర," అన్నాడు.

లోపల్నుంచి చెంబుతో తెప్పించాను. తాగి, చెంబు కడిగి అరుగు మీద పెట్టి, ఎండలు బాగున్నయని చెప్పి వెళ్లిపోయాడు. తమ్ముడి కోసం అచ్చంపేటలో ఎవరో వకీలు దగ్గరికి పోయాడని తర్వాత తెలిసింది. మంచి పని చేశాడు.

మరుసటి ఎండాకాలం ఊరి ఇల్లు అమ్మేశాను. అరుగు, పశువుల కొట్టం, రెండు చేదబావులు ఆ బేరంలోనే పోయాయి. కొన్నది వనపర్తి వేరుశనగ వ్యాపారి, గోదాముకు. టేకు స్తంభాలు అతనికి అక్కరలేకపోతే వాటిని విడిగా కర్నూలు కలప అడితికి అమ్మాను.